పలుకరాని ద్వీపము

సూర్యోదయమునకు ముందే ఒక అర్చకుడు సముద్రములోనికి దిగును. ఒంటిపై వస్త్రముండదు. శిశిరమున ఉత్తరపు గాలి ఎముకలు కొరుకుచున్నను ఈ స్నానమునకు మినహాయింపు లేదు. మెడవరకు ఉప్పునీటిలో మునిగి, ఒడ్డునకు వచ్చి, శ్వేతవస్త్రములు ధరించి, నాలుగు వందల దాకా ఉన్న రాతిమెట్లను ఎక్కి, మహాశిలల నడుమ ఒదిగియున్న ఒక చిన్న ఆలయమునకు చేరును. నైవేద్యము సమర్పించి విన్నపము చదువును. దానిని వినుటకు రెండవ మనుష్యుడు లేడు. పది దినములు గడచిన పిదప పడవలో వేరొక అర్చకుడు వచ్చును. మొదటివాడు అదే పడవలో తిరిగిపోవును.

ఆ దీవి పేరు ఒకినోషిమ. జపాను దేశపు క్యూషూ తీరమునకు సుమారు 60 కిలోమీటర్ల దూరమున, కొరియాకు పోవు సముద్రమార్గములో, గెన్కాయ్ అనెడి కల్లోలజలముల మధ్య నిలిచియున్నది. చుట్టుకొలత 4 కిలోమీటర్లు, శిఖరము 243 మీటర్లు. ఊరు లేదు, పొలము లేదు, కాపురమున్న కుటుంబము ఒక్కటియు లేదు. రాయియు, రాతిని పట్టుకొని పెరిగిన ఆదిమారణ్యమును, ఆ అడవినేలలో బొరియలు చేసికొని పిల్లలను సాకెడి సముద్రపక్షులును మాత్రమే ఉన్నవి. ఆ అర్చకుని లెక్కింపకున్నచో అది నిర్జనద్వీపమే. లెక్కించినను ఆయనకక్కడ ఇల్లనునది లేదు, వంతు మాత్రమే ఉన్నది. ఆలయములలో అర్చకకుటుంబములు వంతులు పంచుకొనెడి పద్ధతి నెరిగిన వారికి ఈ మాట వెంటనే బోధపడును. వంతు కలవాడు దేవుని యొద్ద ఉండును గాని ఆ చోటు తనదని అనుకొనడు.

మునకత అను క్షేత్రమునకు మూడు ఆలయములు. తీరమున ఉన్నది హెత్సుమియ. కొంతదూరమున ఓషిమ అను జనావాసద్వీపమున ఉన్నది నకత్సుమియ. నడిసముద్రమున ఒకినోషిమలో ఉన్నది ఒకిత్సుమియ. ముగ్గురు అక్కచెల్లెండ్రు ఈ మూటను అధిష్ఠించియున్నారు. 712లో సంకలితమైన కొజికి, 720లో పూర్తియైన నిహోన్ షోకి వీరి జన్మవృత్తాంతమును చెప్పుచున్నవి. సూర్యదేవత అమతెరసు, ఆమె తమ్ముడు సుసానో పరస్పరశపథము చేసిన సమయమున, ఆమె తమ్ముని ఖడ్గమును మూడు ఖండములుగా విరిచి, దివ్యకూపజలమున కడిగి, నమలి ఊదగా, ఆ శ్వాసతుషారము నుండి ముగ్గురు దేవతలు పుట్టిరి. ఆయుధము నుండి స్త్రీమూర్తులు, అందులోను నోటి ఊపిరి నుండి పుట్టుట గమనింపదగినది. సముద్రమార్గమును కాపాడుట వీరి విధి. ఏ దేవత ఏ ఆలయమందున్నదను విషయమున ప్రాచీనగ్రంథములు ఏకవాక్యముగా లేవు. నేటి సంప్రదాయము ప్రకారము ఒకినోషిమలో తగోరిహిమె, ఓషిమలో తగిత్సుహిమె, తీరమున ఇచికిషిమహిమె పూజలందుకొనుచున్నారు.

ఈ మూడవ పేరు భారతీయులకు కొంత దగ్గరిది. సువర్ణప్రభాససూత్రమను బౌద్ధగ్రంథము ద్వారా సరస్వతీదేవి చైనా మీదుగా జపాను చేరి అక్కడ బెన్‌జాయ్‌తెన్ అయినది. నదీస్వరూపిణి గనుక అక్కడను నీటియొడ్డున, ద్వీపములందు కొలువైనది. మధ్యయుగమున అక్కడి వారు ఇచికిషిమహిమెను, బెన్‌జాయ్‌తెన్‌ను ఒక్కరినిగా భావించి అర్చించిరి. 1868లో ప్రభుత్వము దేవాలయములను, బౌద్ధాలయములను వేరుచేయుడని ఆజ్ఞాపించిన తరువాత అనేకస్థలములలో ఈ సమన్వయము కాగితముల మీద తొలగినది. జనుల మనస్సులలో ఎంత తొలగినదో ఆజ్ఞాపత్రములు చెప్పలేవు. అయితే ఇంతమాత్రముచేత ఒకినోషిమను సరస్వతీక్షేత్రమని ప్రకటించుట తొందరపాటగును. అక్కడి దేవత అక్కడిది. ఆమెను ఆమె పేరుతోనే తలచుట మర్యాద.

ఆ దీవికి కొన్ని నియమములున్నవి. సముద్రస్నానము చేయక ఎవ్వరును మెట్లెక్కరాదు. అక్కడ చతుష్పాదమాంసము భుజింపరాదు. కొన్ని అమంగళపదములు ఉచ్చరింపరాదు. వానికి బదులు వేరు మాటలు వాడుదురు. కొమ్మనుగాని, గడ్డిపోచనుగాని, గులకరాతినిగాని వెలుపలికి తీసికొనిపోరాదు. ఊటనీటిని మాత్రము తీర్థముగా తెచ్చుకొనవచ్చును. అన్నింటికంటె విలక్షణమైనది మరొకటి: దీవిలో చూచినది, విన్నది ఎవ్వరికిని చెప్పరాదు. అందుచేతనే ఆ ప్రాంతపు బెస్తలు దీవిని పేరుపెట్టి పిలువక ‘ఒయివాజుసమ’ అనుచుండిరి. పలుకరానిది అని దాని భావము.

శివాలయమునకు పోవు భక్తులకు గడ్డిపోచ నియమము క్రొత్తగా తోచదు. ప్రదక్షిణము చివర చండీశ్వరుని సన్నిధిలో నిలిచి, మెల్లగా చప్పట్లు చరచి, రెండు అరచేతులు విప్పి చూపుట ఒక ఆచారము. స్వామి సొత్తులో ఒక్క నూలుపోగు కూడ తన వెంట రాలేదని ఆ రిక్తహస్తములు సాక్ష్యము చెప్పును. దేవస్వమును హరించుట ఎంతటి పాపమో ధర్మశాస్త్రములు చెప్పియున్నవి. ఒకినోషిమలో చండీశ్వరుడు లేడు. పడవ ఎక్కు ప్రతివాడును తన జేబును తానే శోధించుకొనవలెను.

ఇంత కాపాడినందుననే అక్కడ అంత మిగిలినది. నాలుగవ శతాబ్దపు ఉత్తరార్ధము నుండి తొమ్మిదవ శతాబ్దాంతము వరకు, రమారమి ఐదు వందల సంవత్సరములు, యమతో రాజసభ తన ఓడలు కొరియాకు, చైనాకు క్షేమముగా పోయిరావలెనని ఈ దీవిలో అర్చనలు చేయించినది. తొలికాలమున మహాశిలల శిరస్సులపై రాళ్లు పేర్చి, వేదికలమర్చి, కంచు అద్దములు, ఖడ్గములు, పచ్చపూసలు ఉంచిరి. అట్టి ఒక్క స్థానమందే 21 అద్దములు దొరికినవి. పిమ్మట అర్చన శిలాగ్రము నుండి దిగి శిలల నీడకు వచ్చినది. అచ్చట కొరియాలోని శిల్లా రాజ్యపు పనితనమును పోలిన బంగారు ఉంగరము, పారసీకదేశమున కోసి నగిషీ చేసిన గాజుపాత్ర తునకలు ఉండెను. తరువాత సగము నీడలో, సగము ఎండలో. బంగారుపూత పూసిన కంచు నాగముఖములు రెండు, ఆటవస్తువువలె చిన్నదైన మగ్గము, త్యాంగ్ చైనా మూడురంగుల కలశపు పెంకులు ఆ కాలమునాటివి. చివరకు బహిరంగస్థలమునకు వచ్చిరి. అప్పటికి విదేశీయ వైభవము తగ్గి, మెత్తని రాతితో చెక్కిన మనుష్యులు, గుఱ్ఱములు, ఓడలు నివేదించిరి. రాజు ఇచ్చిన అద్దము కంటె ఈ చిన్న రాతియోడలు హృదయమును ఎక్కువగా తాకును. సముద్రము మీదికి ఓడను పంపినవారి భయమంతయు ఆ చిన్నరాతిలో కనబడును.

వస్తువులను నేలలో పాతిపెట్టలేదు, గదిలో దాచలేదు. ఎక్కడ సమర్పించిరో అక్కడనే విడిచిరి. వెయ్యేండ్లకు పైగా వర్షము, ఆకులు, మన్ను వానిపై కప్పుకొనుచు వచ్చినవి. పదునేడవ శతాబ్దమున ఫుకువొక ప్రాంతాధిపతి కురొద నగమస దీవిలోని నిధులను తెప్పించుకొనగా అరిష్టములు కలిగినవనియు, భయపడి మరల పంపివేసెననియు ఒక కథ అక్కడ ప్రచారమున ఉన్నది.

894లో త్యాంగ్ రాజధానికి రాయబారులను పంపుట ఆగిపోయినది. ఆ తరువాత కొద్దికాలమునకే దీవిలోని ఆ మహాప్రయోగమును నిలిచిపోయినది. ఇక్కడ సాధకులు ఒక క్షణము ఆగి ఆలోచింపవలసిన విషయమొకటి కలదు. ఏ ద్రవ్యము ఏ శిల కడ ఉంచిరో నేడు అంగుళముల లెక్కతో చెప్పగలరు. ఉంచునపుడు ఏమని పలికిరో చెప్పగలవాడు ఒక్కడును లేడు. 927లో పూర్తియైన ఎంగిషికి అను విధానగ్రంథమున నొరితో అనెడి ప్రార్థనావచనములు కొన్ని నిలిచినవి. ఒకినోషిమ శిలలపై పలికినవి వానిలో లేవు. అద్దము నిలిచినది, ఆవాహనము పోయినది. ఆచమనమెట్లు, ఉపచారములెన్ని, ఎవరు ముందు నడచిరి, ఎవరు తలవంచి వెనుక నిలిచిరి, ఆ దేవతను ఏమని సంబోధించిరి — అంతయు గాలిలో కలిసినది.

వైదికసంప్రదాయమున జరిగినది సరిగా దీనికి విపర్యయము. యజ్ఞము ముగిసినంతనే యజ్ఞసాధనములకు ప్రయోజనము తీరును. 1975లో కేరళదేశపు పాంజాళ్ గ్రామమున నంబూద్రి వైదికులు అతిరాత్ర అగ్నిచయనము చేసిరి. పండ్రెండు దినముల క్రతువు ముగిసిన పిదప యాగశాలకు నిప్పంటించిరి. వేల సంవత్సరములు క్రతువులు చేసిన జాతి తన వెనుక మిగిల్చిన స్రుక్కులెన్ని, స్రువములెన్ని? వెదకినను చేతికి అందునవి స్వల్పము. కాని మంత్రము అక్షరము జారలేదు. పదపాఠముగా, క్రమముగా, జటగా, ఘనగా త్రిప్పి త్రిప్పి, ముందునుండి వెనుకకు, వెనుకనుండి ముందునకు బాలుర నోట వేయించి, స్వరము సైతము చెదరకుండ నిలిపిరి. వేదపాఠశాలలో ఏడెనిమిదేండ్ల పిల్లవానికి మొదటి సంవత్సరము అర్థము ఒక్కటియు చెప్పరు. తల ఊపుచు, చేయి కదుపుచు, గురువు ముఖమును చూచుచు చెప్పుటయే వానిపని. కొందరికి ఇది యాంత్రికముగా కనబడును. ఒకినోషిమ శిలల ముందు నిలిచి ఊహించుకొన్నచో ఆ శ్రమ యొక్క విలువ తెలియును. ఒక తరము నోరు మూసికొన్నచో చాలును, ఐదు వందల ఏండ్ల అర్చనావాక్కు శాశ్వతముగా పోవును.

అట్లని ఆ దేవతారాధకులను తక్కువచేయుట తగదు. వారు వాక్కును కాపాడలేదు, నిజమే. కాపాడిన వస్తువును ఇతరులెవ్వరును అంత కాపాడలేదు. మౌనమే వారి కోశాగారము. దీవిని గూర్చి మాటలాడనందున అక్కడ ఏమున్నదో దొంగలకు తెలియలేదు. వటమూలమున మౌనముచేతనే తత్త్వము నుపదేశించిన దక్షిణామూర్తిని నమ్మినవారికి, చెప్పకుండుట కూడ ఒక ధర్మరక్షణమార్గమని వేరుగా చెప్పనక్కరలేదు. అయితే ఆ రక్షణలో మంత్రము కూడ అదే మౌనమున మునిగిపోయినదా అను సందేహము మాత్రము వదలదు.

1954లో ఆ మౌనము మొదటిసారి పెద్దగా చెదరినది. మునకత ప్రాంతమున జన్మించి చమురువ్యాపారమున ప్రసిద్ధుడైన ఇదెమిత్సు సజో, చిన్ననాటి తన క్షేత్రము జీర్ణించుట చూచి బాధపడి, పునరుద్ధరణకు ధనము వెచ్చించెను. ఆ ప్రయత్నములో భాగముగా పండితులు దీవిలో దిగిరి. 1971 వరకు మూడు విడతలుగా పరిశోధన సాగినది. ఇరువదికి పైగా అర్చనాస్థానములు బయల్పడినవి. వానినుండి వచ్చినవానిలో సుమారు 80,000 వస్తువులు నేడు జాతీయనిధులు. అవి తీరమందలి హెత్సుమియ ఆవరణలో ఉన్న నిధిశాలకు చేరినవి.

గడ్డిపోచను తేరాదను నియమమేమి, ఎనుబదివేల వస్తువులను తెచ్చుటయేమి? ఈ ప్రశ్న అడుగకుండుట కపటము. అదే 1954లో కృష్ణాతీరమున నాగార్జునకొండ లోయలో త్రవ్వకములు మొదలైనవి. అక్కడ జలాశయము రానున్నది, మునుగకముందే తీయవలసిన అగత్యము ఉండెను. ఒకినోషిమకు అట్టి ముంపుభయమేదియు లేకుండెను. సమాధానముగా చెప్పదగినది ఒకటి కలదు: వస్తువులు అంగడికి పోలేదు, దూరపు ప్రదర్శనశాలకు శాశ్వతముగా పోలేదు, అదే దేవతల ఆవరణలోనే, అక్క యింటి నుండి చెల్లెలి యింటికి మారినట్లు మారినవి. దేవస్వము దేవస్వముగానే ఉన్నది. ఆ త్రవ్వకములే లేకున్నచో శిలాగ్రపు అర్చన నీడకును, నీడ నుండి వెలుగునకును దిగివచ్చిన క్రమము లోకమునకు తెలియకుండెడిది. ఇది సబబైన సమాధానమే. కాని సమర్పించినవారు ఆ అద్దమును చూచుటకు గాజుపెట్టె ముందు వరుసలో నిలుచువారి కొరకు సమర్పింపలేదు. ఒకసారి స్వామికి ఇచ్చినది ఇచ్చువాని కంటికి కూడ తిరిగి రాదనునదే నివేదనకు ప్రాణము. ఈ రెండు న్యాయములలో ఒకదానిని పూర్తిగా కొట్టివేయుట సాధ్యము కాదు.

దీవికి స్త్రీలు పోరాదను నియమము మరొక క్లేశము. సముద్రయానము ప్రమాదకరమగుట కారణమని కొందరు, అశౌచవిచారమని కొందరు, దేవత ఈర్ష్యయని కొందరు చెప్పుదురు. మూడవ హేతువు వినుటకే వింతగా నున్నది. లోకమాతకు కుమార్తెల మీద అసూయ అంటగట్టుట మనుష్యుల పని. దేవత స్త్రీ, ఆమెను గర్భమున మోసిన శ్వాసము స్త్రీది, ఓడల మీద పోయిన భర్తల కొరకు తీరమున మ్రొక్కినవారు స్త్రీలు. అయినను ఆ రేవున అడుగిడు అనుమతి పురుషులకే దక్కినది. అదియును ఎల్లప్పుడు కాదు. 1905 మే 27న రష్యా, జపాను నౌకాదళములు ఆ సమీపజలములలోనే యుద్ధము చేసినవి. ఆ స్మృతిగా ఏటేటా మే 27న దాదాపు రెండు వందల మంది పురుషులను ఎంపికచేసి, సముద్రస్నానము చేయించి, రెండు గంటల దర్శనమునకు అనుమతించుచుండిరి.

2017 జులైలో పోలెండు దేశపు క్రాకో నగరమున ప్రపంచవారసత్వసమితి సమావేశమై ఈ క్షేత్రమును తన పట్టికలో చేర్చినది. అప్పుడు అందరును అనుకొన్నది, ఇక యాత్రికులకు ద్వారములు తెరువక తప్పదని. మునకత అర్చకులు దానికి విరుద్ధముగా నిర్ణయించిరి. 2018 నుండి ఆ రెండు వందల మందికి కూడ అనుమతి నిలిపివేసిరి. పురుషుడైనను, స్త్రీయైనను, ధనికుడైనను, పండితుడైనను సామాన్యభక్తునికి ఇప్పుడు ఒకినోషిమ లేదు. స్త్రీల నియమముపై అడిగిన ప్రశ్నకు ఇది ఉత్తరమని అనలేము. అర్చకులు నేటికిని పురుషులే పోవుచున్నారు. అయినను వందల ఏండ్లు ఆ దీవికి ఎదురుగా, దూరమున నిలిచి మ్రొక్కిన స్త్రీల స్థితిలోనికి నేడు పురుషులందరును వచ్చినారు. కీర్తి వచ్చిన సంవత్సరమునకే తలుపు మూసిన ఆలయములు లోకమున అరుదు. టిక్కెట్టు పెట్టుటకు అంతకంటె మంచి అదను దొరకదు గదా.

వారసత్వపు పట్టిక విషయమున మరొక వివాదము నడచినది. పరిశీలించిన ఇకోమోస్ అను నిపుణుల సంస్థ, ఒకినోషిమయు దాని సమీపమున ద్వారపాలకులవలె నిలిచిన కొయజిమ, మికదొబషిర, తెంగుఇవ అను మూడు బోడిరాళ్లును మాత్రము చేర్చుడని, తీరమందలి ఆలయములను, ఓషిమను, సమాధిదిబ్బలను విడిచిపెట్టుడని సిఫారసు చేసినది. జనము అడుగిడని రాతికి లోకప్రాధాన్యము కలదు గాని, జనము నిత్యము పోయి మ్రొక్కు చోటికి లేదని దాని తాత్పర్యమైనది. స్థానికులు అంగీకరింపలేదు. మూలవిరాట్టును చేర్చి ఉత్సవమూర్తిని తీసివేసినట్లున్నదని ఒక తెలుగు భక్తుడైనచో అనెడివాడు. చివరకు సమితి ఎనిమిది భాగములను కలిపియే ఆమోదించినది. అది న్యాయము. ప్రతి సంవత్సరము అక్టోబరు 1న బెస్తవారి పడవలు జెండాలెత్తి సముద్రము మీద ఊరేగింపుగా సాగి, దూరద్వీపముల అక్కలను తీరమందలి చెల్లెలి కడకు తోడితెచ్చును. తీరమును తీసివేసినచో ఆ పడవలు ఎచటికి రావలెను?

హెత్సుమియ వెనుక కొండమీద తకమియ అను చోటు కలదు. అక్కడ గుడి లేదు, గోడ లేదు, విగ్రహము లేదు. రాళ్లు పరచిన అరుగు, దాని నడుమ చెట్లు. ఆ చెట్లయందే దేవత దిగివచ్చునని నేటికిని అక్కడ అర్చన జరుగుచున్నది. శిలయే దైవము, కొండయే లింగము అని అరుణాచలమునకు గిరిప్రదక్షిణము చేయువారికి ఈ చోటు భాష తెలియకున్నను అర్థమగును.

ఇక ఓషిమ ఉత్తరతీరమున, ఒక మిట్టపై, దూరార్చనకై ఒక మందిరమున్నది. ఒకినోషిమకు పోలేనివారు అక్కడనుండి నమస్కరింతురు. నిర్మలాకాశమున్న దినమున దాదాపు 49 కిలోమీటర్ల అవతల నీలిరేఖవలె దీవి కనబడును. మంచు క్రమ్మిన దినములలో సముద్రము, ఆకాశము ఒకే బూడిదరంగులో కలిసిపోయి, దిక్కు మాత్రమే మిగులును. వచ్చినవారు ఆ దినమున కూడ ఆ దిక్కునకే తలవంచి, రెండుసార్లు చప్పట్లు చరచి, మరల తలవంచి, పడవ వేళకు మెట్లు దిగిపోవుదురు.